కొండసీమ దారిబత్తెం

ఒక ప్రాంతపు ప్రజల ఆహారపు అలవాట్లను తెలుసుకొనదలచినవారు సాధారణంగా వారి పండుగ భోజనాన్ని పరిశీలిస్తారు. కాని పండుగనాటి విస్తరి ఆ ఇంటి కలిమిని చూపుతుంది. ప్రయాణానికి బయలుదేరేనాడు కట్టుకున్న మూట ఆ ప్రజల అనుభవాన్ని చూపుతుంది. మూటలోని పదార్థం బరువు తక్కువగా ఉండాలి. త్వరగా చెడిపోకూడదు. దారిలో పొయ్యి వెలిగించే పని పెట్టకూడదు. కొద్దిగా తిన్నా చాలాసేపు నిలబెట్టాలి. ఈ నాలుగు అవసరాలకు లోబడి తరతరాలుగా రూపొందిన ఆహారాన్నే తెలుగువారు దారిబత్తెం అన్నారు.

కొండ ప్రాంతాలలో ఈ అవసరాలు మరింత కఠినమైనవి. అక్కడ ఊరికీ ఊరికీ మధ్య దూరం మైళ్ళలో కాక ఎక్కుడు దిగుళ్ళలో లెక్కకు వస్తుంది. అందువల్ల కొండసీమ ప్రజలు బాటసారికోసం రెండు ఏర్పాట్లు చేసుకున్నారు. ఒకటి, వెంట తీసుకుపోయే మూట. రెండవది, చేరుకున్న ఇంట అతిథికి అందించే పానీయం. ఈ రెండింటినీ ఒకేచోట గమనించడానికి జార్ఖండ్ రాష్ట్రంలోని జంషెడ్‌పూర్ తగిన ప్రదేశం. ఇది బాటసారులుగా వచ్చినవారు నిలిచిపోయి పెంచిన నగరం. వారు తెచ్చిన మూటలు ఇక్కడ ఒకదానినొకటి గుర్తుపట్టాయి. ఇక్కడి అతిథి పానీయమైన హండియా మాత్రం ఈ నగరం పెరిగిన కొద్దీ ఒక చిక్కులో పడినది.

నదుల నడుమ నగరం

ఛోటానాగ్‌పూర్ పీఠభూమి ఆగ్నేయపు అంచున, దల్మా కొండల చేరువలో, సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలుస్తాయి. ఆ సంగమాన్ని స్థానికులు దోముహాని అంటారు. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో ఇక్కడ సాక్చి అనే పల్లె ఉండేది. 1907లో టాటా ఇనుము, ఉక్కు కంపెనీ ఏర్పడినది. 1908లో సాక్చి వద్ద కర్మాగార నిర్మాణం మొదలై, 1911 డిసెంబరులో తొలి దుక్క ఇనుము, 1912 ఫిబ్రవరిలో తొలి ఉక్కు వెలువడినవి. 1919లో నాటి వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ఈ ఊరికి సంస్థాపకుడైన జమ్‌షెడ్‌జీ టాటా స్మృత్యర్థం జంషెడ్‌పూర్ అని నామకరణం చేశారు. కాలీమాటి రైల్వే స్టేషన్ టాటానగర్ అయినది.

ఈ నేలమీద అంతకు ముందునుండి నివసిస్తున్నవారు సంతాలులు, హోలు, ముండాలు, భూమిజులు తదితర ఆదివాసులు. వారికి తోడు బీహార్, బెంగాల్, ఒరిస్సా, ఛత్తీస్‌గఢ్, పంజాబు ప్రాంతాలనుండి పనివారు వచ్చారు. తెలుగువారు తూర్పు తీరపు రైలుమార్గం వెంట వచ్చారు. ఆ మార్గపు ఉత్తర భాగం 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే అధీనంలోనికి వచ్చినది. వాల్తేరునుండి ఖరగ్‌పూర్ చేరి, అక్కడినుండి పడమరగా సుమారు 135 కిలోమీటర్లు పోతే టాటానగర్. ఉత్తరాంధ్ర పల్లెలనుండి ఎన్నో కుటుంబాలు ఈ దారినే వచ్చి స్థిరపడినవి. బిష్టుపూర్‌లోని ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం ఆ స్థిరనివాసానికి కనిపించే గుర్తు.

వచ్చినవారు మాత్రమే ప్రయాణికులు కారు. చుట్టుపట్ల పల్లెలలోని ఆదివాసి స్త్రీ పురుషులు తెల్లవారకముందే లేచి, అడవి దారిన నడిచి పనికి వచ్చి, చీకటిపడిన తరువాత ఇల్లు చేరేవారు. తట్టలు మోసే స్త్రీ కూలీలను ఇక్కడ రేజాలు అన్నారు. వారి నడుముకు కట్టిన చిన్న మూట కూడ దారిబత్తెమే.

నిప్పు అక్కరలేని పిండి

దారి ఆహారాలలో మొదట చెప్పదగినది సత్తు. శనగలను కొద్దిగా నానబెట్టి, ఆరబెట్టి, కాగిన ఇసుకలో వేయించి, పొట్టు తీసి మెత్తగా విసురుతారు. కొందరు యవలు, మొక్కజొన్న కూడ కలుపుతారు. ఈ పిండి ప్రత్యేకత వేయించడంలో ఉన్నది. పచ్చి గింజలోని పిండిపదార్థం మన కడుపులో సులభంగా అరగదు. వేడి తగిలినప్పుడే దాని కట్టు వదులుతుంది. సత్తులో ఆ పని ఇంటివద్దే ముగిసిపోయినది. తేమ ఇంకిపోవడంవల్ల పురుగు, బూజు త్వరగా పట్టవు. కావున బాటసారి ఏ వాగు ఒడ్డునో కూర్చుండి, ఉప్పు, పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ చేర్చి ముద్దగా కలుపుకుంటే భోజనం. నీరు ఎక్కువ పోసి నిమ్మరసం పిండితే పానీయం. 100 గ్రాముల శనగ సత్తులో సుమారు 20 గ్రాముల మాంసకృత్తులు ఉంటాయి. కొలిమి ఎదుట చెమటోడ్చే కార్మికునికి కావలసిన నీరు, ఉప్పు, బలం ఒకే లోటాలో అందడంవల్ల సత్తు ఉక్కు నగరపు వీధులలో సులభంగా స్థిరపడినది. ఇదే సత్తును గోధుమపిండి ఉండలో కూరి నిప్పులపై కాల్చితే అది లిట్టీ.

ఉత్తరాన హిమాలయ పర్వత దేశాలకు పోతే ఇదే ఉపాయం మరొక పేరుతో కనిపిస్తుంది. టిబెట్టులోను, దాని పొరుగున ఉన్న కొండ ప్రాంతాలలోను యవలను వేయించి విసిరిన పిండిని చంపా అంటారు. దానిని వెన్న కలిపిన ఉప్పు తేనీటితో చేతిలోనే ముద్దచేసి తింటారు. అక్కడ ఈ పద్ధతికి మరొక బలమైన కారణం కలదు. ఎత్తు పెరిగినకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి, నీరు తక్కువ వేడికే మరుగుతుంది. సముద్ర మట్టానికి సుమారు 3,650 మీటర్ల ఎత్తున ఉన్న లాసాలో నీరు దాదాపు 88 డిగ్రీల సెల్సియస్ వద్దనే మరుగుతుంది. ఆ నీటిలో గింజ ఉడకడానికి చాలాసేపు పడుతుంది. వంటచెరకు చూడబోతే అరుదు. ముందే వేయించిన పిండి ఆ రెండు ఇబ్బందులనూ దాటించినది. భూటాన్‌లో వేయించిన బియ్యాన్ని జావ్ అంటారు. వెన్న తేనీటితోపాటు దానిని అతిథి ముందు ఉంచుతారు. ఒకదానిలో ఒకటి బిగువుగా అమరే రెండు వెదురు గిన్నెల బుట్టలో వారు దారి ఆహారాన్ని తీసుకుపోతారు. ఆ బుట్ట పేరు బాంగ్‌చుంగ్.

తెలుగువారికి ఈ పిండి కొత్తది కాదు. తొలి ఏకాదశినాడు బెల్లంతో కలిపి తినే పేలపిండి దీని తోబుట్టువు. తెలంగాణలో సద్దుల బతుకమ్మకు చేసే సత్తుపిండి పేరుతో సహా దీనికి చుట్టమే. సంస్కృతంలో దీని పేరు సక్తువు. ఋగ్వేదం పదవ మండలంలోనే జల్లెడపట్టిన సక్తువుల ప్రసక్తి ఉన్నది. మహాభారతంలోని అశ్వమేధ పర్వంలో సక్తుప్రస్థుని కథ ప్రసిద్ధం. కరవు కాలంలో ఒక పేద కుటుంబం తమకు దొరికిన కొద్దిపాటి పేలపిండిని ఆకలితో వచ్చిన అతిథికి వంతులవారీగా అర్పించినది. ఆ ఇంట నేలమీద రాలిన పిండిలో పొర్లిన ముంగిస శరీరం సగం బంగారమైనది. ధర్మరాజు చేసిన అశ్వమేధ యాగంలో మిగిలిన సగం మారలేదు. దారిన పోయేవాని ఆకలి తీర్చడం ఎంతటి యాగానికైనా మించినదని చెప్పడానికి ఆ కథలో కవి పేలపిండిని ఎన్నుకొనడం గమనించదగినది.

అర్సా, అరిసె

దారి మూటలలో అటుకులు మరొక సామాన్య పదార్థం. ఇక్కడ వాటిని చూడా అంటారు. ధాన్యాన్ని నానబెట్టి, వేయించి, వేడిగా ఉండగానే కాలితో తొక్కే ఢేంకీ అనే రోకటి కింద దంచుతారు. నానడం, వేగడం అనే రెండు పనులు ముగిసినందున అటుకులు చల్లని నీటిలోనే మెత్తబడతాయి. మరమరాలను ముఢీ అంటారు. ఉప్పునీరు పట్టించిన ఉప్పుడు బియ్యాన్ని కాగిన ఇసుకలో వేసినప్పుడు లోపలి తేమ ఒక్కసారిగా ఆవిరై గింజను ఉబ్బిస్తుంది. తెలుగు సీమలోనే దీనిని కొందరు మరమరాలనీ, కొందరు బొరుగులనీ అంటారు. పేర్లు ఎన్నైనా ఇసుక పెనం ఒక్కటే.

అడవి కూడ మూటకు తన వంతు అందించినది. వేసవి ఆరంభంలో రాలిన ఇప్పపూలను ఎండబెట్టి, వేయించి, నువ్వులవంటి గింజలతో కలిపి దంచి ఉండలు చేస్తారు. వీటిని లఠా అంటారు. ఇప్పపూవులో సహజంగా ఉన్న చక్కెరవల్ల బెల్లం వేయకుండానే ఈ ఉండ తియ్యగా ఉంటుంది. ఇప్పపూవు అనగానే సారాను మాత్రమే తలచుకొనేవారు, అది తొలుత ఆకలి తీర్చే ఆహారమన్న సంగతిని మరచిపోతున్నారు.

ఇక తీపి మూట విషయం. మకర సంక్రాంతి సమయంలో ఈ ప్రాంతమంతటా టుసు పండుగ జరుగుతుంది. కొత్త బియ్యపు పిండితో ఇంటింటా పిఠాలు వండుతారు. బియ్యపు పిండిని బెల్లపు పాకంలో కలిపి, నూనెలో వేయించిన వంటకాన్ని అర్సా అంటారు. అదే సంక్రాంతికి శ్రీకాకుళం పల్లెలలో అరిసెలు వండుతారు. పిండి ఒకటే, పాకం ఒకటే, పండుగ ఒకటే, పేరు కూడ ఇంచుమించు ఒకటే. రెండుచోట్లా ఇది బంధువుల ఇంటికి వెళ్ళేవారి చేతి మూటలో తప్పనిసరిగా ఉంటుంది. బెల్లపు పాకం నీటిని పట్టి ఉంచడంవల్ల సూక్ష్మజీవులు పెరగజాలవు. అందుచేత అరిసె రోజుల తరబడి నిలువ ఉంటుంది. కదమా, సాక్చి వంటి పేటలలో పక్క పక్క ఇండ్లలో బతికిన సంతాలు, తెలుగు తల్లులకు ఒకరి పండుగను మరొకరికి వివరించి చెప్పవలసిన అవసరం ఈ విషయంలో లేకపోయినది.

రాత్రి నానిన అన్నం

నడిచి పనికి పోయేవాని ఉదయ భోజనం చద్దన్నం. రాత్రి మిగిలిన అన్నంలో నీరు పోసి ఉంచితే తెల్లవారేసరికి కొద్దిగా పులుస్తుంది. గాలిలోను, పాత్రలోను ఉండే మేలుచేసే సూక్ష్మజీవులు అన్నంలోని చక్కెరలను లాక్టిక్ ఆమ్లంగా మార్చడమే ఆ పులుపుకు కారణం. ఆ ఆమ్లం హానిచేసే సూక్ష్మజీవులను అదుపులో ఉంచుతుంది. సింగ్‌భూమ్ పల్లెలలో దీనిని పానీభాత్ లేక బాసీభాత్ అంటారు. పొరుగున ఉన్న ఒడిశాలో పఖాళ్. తెలుగు ఇండ్లలో చద్దన్నం, దాని పులిసిన నీరు తరవాణి. ఉత్తరాంధ్రలో చోడిపిండితో కాచే అంబలి కూడ ఈ కోవలోనిదే. ఇక్కడ ఆ చోడినే మడువా అని పిలిచి రొట్టెలు చేస్తారు. పోతన భాగవతంలో గోపబాలురు బాలకృష్ణునితో కలిసి అడవిలో చల్దులు ఆరగించిన ఘట్టం తెలుగు పాఠకులకు సుపరిచితం. పనికి పోయేవారి చద్ది, పశువుల కాపరి చద్ది ఒక్కటేనని కర్మాగార కార్మికుడు నిరూపించాడు.

అతిథి పాత్ర

ఇంతవరకు చెప్పినవి మూటలో పోయేవి. చేరుకున్న ఇంట అందేది హండియా. సంతాలులు దీనిని హండి అనీ, హోలు డియాంగ్ అనీ, ముండాలు ఇలి అనీ అంటారు. బియ్యాన్ని అన్నంగా వండి, చాపపై ఆరబోసి, చల్లారిన తరువాత రాను అనే తెల్లని బిళ్ళలను పొడిచేసి కలుపుతారు. దీనిని మట్టికుండలో నింపి, సాల ఆకులతో మూసి ఉంచుతారు. ఎండాకాలంలో రెండు మూడు రోజులు, చలికాలంలో అంతకు కొంత ఎక్కువ కాలం పడుతుంది. తరువాత నీరు చేర్చి, పిసికి, వడకట్టి, సాల ఆకుల దొప్పలలో పోస్తారు. ఇది కాచి దింపిన సారా కాదు. ఇందులో మద్యసారం స్వల్పం. పలుచని అన్నపు పులుపు, కొద్దిపాటి తీపి దీని రుచి.

దీని కీలకమంతా రాను బిళ్ళలో ఉన్నది. బియ్యపు పిండిలో కొన్ని అడవి వేళ్ళు, మూలికలు నూరి కలిపి, పాత బిళ్ళల పొడి అద్ది, గడ్డిలో ఆరబెట్టి దీనిని తయారుచేస్తారు. పాత బిళ్ళనుండి కొత్త బిళ్ళకు సంక్రమించేవి రెండు విధాల సూక్ష్మజీవులు. బూజు జాతివి అన్నంలోని పిండిపదార్థాన్ని చక్కెరగా మారుస్తాయి. ఈస్టు ఆ చక్కెరను మద్యసారంగా మారుస్తుంది. ద్రాక్షరసంలో చక్కెర ముందే ఉంటుంది; యవలతో చేసే పానీయంలో మొలకెత్తించడంవల్ల చక్కెర పుడుతుంది; బియ్యానికి మాత్రం ఈ బిళ్ళ కావాలి. నేపాల్, సిక్కిం కొండలలో ఇటువంటి బిళ్ళనే మర్చా అంటారు. దానితో రాగులను పులియబెట్టి, వెదురు పాత్రలో వేసి, వేడినీరు పోసి, సన్నని గొట్టంతో పీల్చే పానీయం తోంగ్‌బా. చలిలో నడిచి వచ్చిన అతిథికి అది వెచ్చదనం. ఎండలో నడిచి వచ్చిన వానికి హండియా చల్లదనం. బిళ్ళ తయారీ రెండుచోట్లా ప్రధానంగా స్త్రీల చేతిలో నిలిచిన విద్య.

సంతాలుల సృష్టి గాథలో తొలి దంపతులైన పిల్చు హడామ్, పిల్చు బుఢీలకు హండి చేయడం నేర్పినవాడు దైవమైన మరాంగ్ బురు. అందువల్ల పూజలోను, పెళ్ళిలోను, చావులోను, కొత్త పంట పండుగలోను మొదటి చుక్కలు దేవతలకు, పితృదేవతలకు నేలమీద విడిచిన తరువాతనే మనుషులు పుచ్చుకుంటారు. ఇందులో మూడు కట్టుబాట్లు ఇమిడి ఉన్నవి: సందర్భం ఉండాలి, పదిమంది కలిసి కూర్చోవాలి, ఇచ్చేది ఇంటివారు కావాలి. ధర అనే మాటకు ఈ మూడింటిలో చోటులేదు.

దొప్పనుండి సంతకు

ఆ మాట తరువాత వచ్చినది. కర్మాగారాలు, గనులు పెరిగినకొద్దీ భూమి చేజారినది. అడవిమీద ఆంక్షలు పెరిగినవి. చేతికి రోజు కూలి డబ్బు వచ్చినది. పూట గడవని ఇంట స్త్రీకి తెలిసిన విద్య, ఇంట ఉన్న పాత్ర, తక్కువ పెట్టుబడి, ఈ మూడూ కలిసి హండియా కుండను వారపు సంతకు, రోడ్డు పక్కకు చేర్చినవి. పిల్లలను దగ్గర ఉంచుకొని చేయగల వ్యాపారం ఇది. సాయంత్రానికి బియ్యం కొనుక్కొనే డబ్బు చేతిలో పడుతుంది. ఆమెను తప్పుపట్టడానికి ముందు ఈ లెక్కను చూడవలసి ఉన్నది.

కాని నష్టాల లెక్క కూడ చిన్నది కాదు. కుటుంబపు పాత్రలో ఉన్నంతకాలం హద్దు చెప్పే పెద్దలు ఎదుట ఉంటారు. రోడ్డు పక్కన హద్దు చెప్పేవారు లేరు. గిరాకీ కోసం పులిసే గడువు తగ్గించినా, నీటి శుభ్రత చూడకపోయినా తాగేవారికి హాని. హండియా పక్కనే గాఢమైన సారా సీసాలు కూడ చేరతాయి. కొనేవారి కూలిడబ్బు అక్కడే ఖర్చయితే వారి ఇంట స్త్రీ పస్తుంటుంది. అమ్మే స్త్రీ అవమానాలు పడుతుంది. ఒక స్త్రీ ఇల్లు గడవడానికి మరొక స్త్రీ ఇల్లు గుల్లకావడం ఈ వ్యాపారంలోని విషాదం. ఆదివాసి సమాజంలోనే పూజకు హండియాను నిలుపుకొంటూ, అమ్మకాన్ని మానాలని కోరే గొంతులు వినిపించడానికి కారణం ఇదే.

2020లో జార్ఖండ్ ప్రభుత్వం ఫూలో ఝానో ఆశీర్వాద కార్యక్రమాన్ని ఆరంభించినది. 1855నాటి సంతాల్ తిరుగుబాటు నాయకులైన సిదో, కాన్హూల చెల్లెళ్ళు ఫూలో, ఝానో. వారి పేరిట హండియా, సారా అమ్మకంపై ఆధారపడిన స్త్రీలకు స్వయంసహాయక సంఘాల ద్వారా వడ్డీలేని రుణం ఇచ్చి, చిల్లర కొట్టు, మేకల, కోళ్ళ పెంపకం వంటి వృత్తులకు మళ్ళించడం దీని ఉద్దేశం. అమ్మకాన్ని నిషేధించి ఊరుకుంటే కుండ ఇంకా చాటుకు పోతుంది. మరొక జీవనాధారం చూపినప్పుడే స్త్రీ దానిని తనంత తాను దింపగలుగుతుంది. ఈ దృష్టి సరియైనది. ఇక్కడి దారి ఆహారాలే అందుకు ఉపకరించగలవు. సత్తు, మడువా, చూడా, ఇప్పపూల ఉండ, అర్సా, వీటిలో ఒక్కటైనా తాగేవాని ఇల్లు కూల్చదు. అన్నీ ఆమె చేతికి తెలిసినవే. నగరంలో వీటిని కొనేవారికి కొదువలేదు.

అప్పుడు హండియా అంతరించిపోతుందని భయపడనక్కరలేదు. అది వచ్చిన చోటికి, పూజావేదిక వద్దకు, పెద్దల నడుమకు తిరిగి చేరుతుంది. ఒక జాతి ఆచారాన్ని గౌరవించడమంటే దానిని బజారులో నిలబెట్టి మెచ్చుకొనడం కాదు, బజారుకు పోవలసిన అగత్యం ఆ ఇంటికి లేకుండా చేయడం.

సంతాలు ఇంటికి అతిథి రాగానే ఎదురువచ్చిన ఇల్లాలు మొదట అతని ముందు ఉంచేది హండియా కాదు. నీరు నింపిన లోటా. ఆ తరువాతనే జోహార్ చెప్పి కుశలమడుగుతారు. తెలుగు పల్లెలోను నడిచి వచ్చినవానికి ముందుగా అందించేది కాళ్ళు కడుగుకొనడానికి చెంబెడు నీళ్ళే. పేరు, ఊరు, భాష అడగడం ఆ తరువాతి మాట. మూటలు మోసుకొని వచ్చి ఒక నగరాన్ని నిలబెట్టుకున్న ప్రజలు ఒకరినుండి ఒకరు నేర్చుకొనవలసిన అవసరం లేకుండానే, ఇద్దరికీ ముందునుండి తెలిసి ఉన్న మర్యాద ఇది.